తెరిసమ్మ చంపిన చుట్టాలు

తెరిసమ్మకున్న అలవాటు ఒక్కటే. చుట్టాల్ని చంపుతుంది. కత్తితో కాదు, నోటితో. మీకు ఏ జబ్బైనా రానివ్వండి, అచ్చం ఆ జబ్బుతోనే ఆమె చుట్టం ఒకడు అప్పటికే పోయి ఉంటాడు. దగ్గితే దగ్గుతో పోయినవాడు, గోక్కుంటే దురదతో పోయినవాడు. ‘నాకేం, దుక్కలా ఉన్నాను’ అన్నారా, సరిగ్గా మీలాగే దుక్కలా ఉండి, జీలుగు కల్లు ముంత చేతిలో ఉండగానే గుమ్మంలో కూలిపోయిన మేనమామ ఒకడు ఆమె దగ్గర సిద్ధంగా ఉంటాడు.

అరకులో బస్సు దిగి కొండెక్కితే కోనవలస వస్తుంది. ఆ ఊరికీ, చుట్టూ ఉన్న గూడేలకీ ఆమే ఆరోగ్య కార్యకర్త. తొంభైల నాటి సంగతి. ప్రభుత్వం వారు ఆమెకి ఒక రేకు పెట్టె, అందులో మలేరియా మాత్రలు, దూది, వేలు గుచ్చి రక్తం తీసే సూదులు, ఆ రక్తం పూసే గాజు పలకలు ఇచ్చారు. జీతం కూడా ఇస్తున్నామని వాళ్ళు నమ్మేవారు. చుట్టాల్ని మాత్రం ఆమె తన సొంత కష్టంతో సమకూర్చుకుంది.

ఊళ్ళో పల్లపు ప్రాంతం నుంచి వచ్చి కిరాణా కొట్టు పెట్టుకున్న అప్పలస్వామి ఉన్నాడు. ఒకరోజు ఆయన ఎక్కిళ్ళు పెడుతూ ఉప్పు తూస్తున్నాడు.

“ఏటి అప్పలస్వామీ, ఎక్కిళ్ళేటి?”

“పొద్దుట్నుంచీ ఇంతే. నీల్లు తాగితే పోతాయిలే.”

“మా పెదబయలు సిన్నాన్న కూడా అదే అన్నాడు.”

అప్పలస్వామి తూకం ఆపాడు. “ఏటైనాది ఆయనకి?”

“నీల్లు తాగినాడు. రెండో గుక్క లోపలికెల్లనే లేదు. ఆ గలాసు ఇప్పటికీ మా పిన్నమ్మ కాడే ఉన్నాది. దాంతో ఎవులూ తాగరు.”

ఎక్కిళ్ళు అక్కడికక్కడే ఆగిపోయాయి. అప్పలస్వామి మాత్రం వారం రోజులు నీళ్ళ గ్లాసుని అనుమానంగా చూస్తూ గడిపాడు.

ఆమె పనితనమంతా ఆ గ్లాసులోనే ఉంది. ఉత్తినే ‘పోయాడు’ అంటే ఎవరు నమ్ముతారు? పోయేముందు ఏమన్నాడో, ఏ వైపు తిరిగి పడుకున్నాడో, దినం భోజనాల్లో పప్పు మాడిందని ఏ వదిన ఏ ఆడపడుచుని తిట్టిందో అన్నీ చెప్పేది. వినేవాళ్ళకి ఆ మాడు వాసన కూడా వచ్చేది.

ఇంతకీ ఆమె బాధేమిటంటే, కొండ మీద జ్వరం ఊరంతటికీ చుట్టమే గాని మాత్రలు ఎవరికీ కావు. మొదటి మాత్రతో ఒళ్ళు చల్లబడుతుంది. మిగతా మాత్రలు చేదని, కడుపులో తిప్పుతున్నాయని పక్కన పెట్టేస్తారు. నెల తిరక్కుండా జ్వరం మళ్ళీ వస్తుంది. బుధు అనే ఆసామి అయితే మాత్రలు ఇంటి చూరులో దాచి, చూరు నిండాక కోళ్ళకి వేసేవాడు. కోనవలసలో మలేరియా రాని ప్రాణులు ఆ కోళ్ళే.

“జొరం పోనాది గదా, ఇంక మాత్రెందుకు?” అన్నాడు బుధు.

“మా బావా ఇలాగే అన్నాడు. సూరులోనే దాసినాడు. ఆడు పోనాక శవాన్ని బయటికి తెత్తంటే పాడె సూరుకి తగిలి, మాత్రలన్నీ ఆడి మొహం మీదే రాలినాయి. ‘అప్పుడు మింగనోడివి ఇప్పుడు మింగు’ అని మా అప్ప ఒకటే ఏడుపు.”

బుధు ఆ రోజు మాత్ర మింగాడు. కోళ్ళ కోసం ఉంచినది కూడా మింగబోతే తెరిసమ్మే చెయ్యి పట్టుకుంది.

అలా చావులు నడుస్తుండగా హెల్త్ సూపర్‌వైజరు టైటస్ వచ్చాడు. సాలూరు వైపు మనిషి, చర్చిలో పాటలు పాడే కుటుంబం. ఇస్త్రీ చొక్కా, కొండ మొదట్లోనే అలిగి కూర్చునే మోపెడ్, చుట్టచుట్టిన బొమ్మల చార్టు ఆయన ఆస్తులు. నిజం చెప్పడమంటే ఆయనకి మహా తొందర. పెళ్ళిచూపుల్లో కాఫీ చల్లారేలోపే తనకి మొలలున్నాయని తనే చెప్పి ఒక మంచి సంబంధం పోగొట్టుకున్నాడట. ఆ పిల్ల పేరు సుజానా. నిజం చెప్పినందుకు తనకి బాధ లేదని ఆయన అడక్కపోయినా అందరికీ చెప్పేవాడు.

అలాంటి మనిషి కోనవలసలో మొదటి సభ పెట్టాడు. చార్టు విప్పి, కర్రతో చూపిస్తూ మొదలుపెట్టాడు.

“కుట్టేది ఆడదోమ మాత్రమే. గుడ్లు పెట్టాలంటే దానికి రక్తం కావాలి. అందుకే మన దగ్గరికి వస్తుంది.”

ముందు వరసలో కూర్చున్న ముత్యాలమ్మకి ఒక సందేహం వచ్చింది. ఊళ్ళో కాన్పులన్నీ చేసే మనిషి ఆమె. “అయితే అది సూలాలేటి బావూ?”

“ఒకరకంగా అంతే.”

“సూలాల్ని సంపమంటన్నారేటి మీరు?”

ఆడవాళ్ళలో గుసగుసలు లేచాయి. కడుపుతో ఉన్న దాన్ని కొట్టడం ఏ ఇంట్లోనూ లేదనీ, పిల్లల కోసం రెండు చుక్కలు తాగితే ఏం పోయిందనీ. టైటస్ చెమటలు తుడుచుకున్నాడు. ఈలోగా బుధు అడిగాడు, “మరి మగదోమ ఏటి సేత్తాది బావూ?”

“పూలలో తేనె తాగుతుంది.”

ఆడవాళ్ళందరూ తలలు తిప్పి తమ తమ మొగుళ్ళని చూశారు. “ఆ జాతిలోనూ అంతేనన్నమాట,” అంది ముత్యాలమ్మ.

సభ దోమ పక్షాన చేరిపోయిందని గ్రహించి తెరిసమ్మ లేచింది. “మా అత్త కొడుకూ ఇలాగే జాలిపడినాడు. సూలాల్ని కొట్టకూడదని సెయ్యి ముడుసుకు కూకున్నాడు. అది కడుపునిండా తాగి ఎల్లిపోనాది, మా అత్త కొడుకూ ఎల్లిపోనాడు. దాని పిల్లలు దాని పిల్లలే, మరి మా అత్త కొడుకు పిల్లలో?” అంది. సాయంత్రానికి, కోళ్ళ గూళ్ళ మీద కప్పిన దోమతెరలు చాలామటుకు మంచాల మీదికి ఎక్కాయి.

అందుకు సంతోషించాల్సిన టైటస్ మండిపడ్డాడు.

“మీ పెదబయలు చిన్నాన్న ఎక్కిళ్ళతో పోయాడని అప్పలస్వామికి చెప్పావు. నిన్న ఇదే ఊళ్ళో సోములమ్మకేమో కామెర్లతో పోయాడని చెప్పావు. ఒక మనిషి ఎన్నిసార్లు పోతాడు తెరిసమ్మా?”

“సిన్నాన్న ఒక్కడే ఉంటాడేటి బావూ? మా తాతకి ఇద్దరు పెళ్ళాలు.”

“అయితే ఇద్దరే కదా. మరి పాము కరిచి పోయాడన్న ఇంకో చిన్నాన్న?”

“మూడో ఆవిడ్ని ఇంట్లోకి రానీలేదు గానీ, ఆవిడకీ పిల్లలున్నారు.”

“అబద్ధం పాపం. నువ్వు కూడా దేవుడి బిడ్డవేగా.”

“ఆదివారం ఫాదర్ గారికి అన్నీ ఒప్పేసుకుంటాను బావూ. సోమారం నుంచి మల్లీ పని.”

అది నిజమే. ఒక్కో చుట్టానికి ఇన్నేసి జపాలని ఫాదర్ శిక్ష వేసేవారు. జ్వరాలు ఎక్కువున్న వారం ఆమె మోకాళ్ళ మీంచి లేచేసరికి చర్చిలో ఎవరూ ఉండేవారు కాదు, ఇంటికెళ్తే గిన్నెలో అన్నం ఉండేది కాదు. టైటస్ వాళ్ళ సంఘంలో ఇలా ఒప్పేసుకునే సదుపాయం లేదు. అందుకే ఆయనకి ఇంకా ఒళ్ళు మండింది.

రుజువు కోసం ఆయన పెదబయలు సంతకి వెళ్ళాడు. విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టల వెనక, ఎర్రటి తలపాగాతో, గుండ్రాయిలాంటి మనిషి సోమన్న కూర్చుని ఉన్నాడు.

“తెరిసమ్మ చిన్నాన్నవి నువ్వేనా?”

“నానే. ఈపాలి దేంతో పోనాను?”

టైటస్ తడబడ్డాడు. “ఎక్కిళ్ళు. తర్వాత కామెర్లు.”

సోమన్న కాసేపు ఆలోచించాడు. “పర్లేదు. కిందటిపాలి విరోసనాలతో సంపీసినాది. ఎక్కిళ్ళు మర్యాదగానే ఉన్నాది.” ఒక అడ్డాకుల కట్ట తీసి టైటస్ చేతిలో పెట్టాడు. “దీన్ని దానికివ్వండి. అదీ మనిషే గదా. నాను పోయినప్పుడల్లా బెంగెట్టుకుంటాది.”

టైటస్ ఆ కట్ట చంకలో పెట్టుకునే తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. టైటస్ పనిచేసే ఆసుపత్రి డాక్టరు గారు మంగళవారం పొద్దున్న విశాఖపట్నం నుంచి వచ్చి, మంగళవారం మధ్యాహ్నానికి కొండగాలి పడక వెళ్ళిపోయే మనిషి.

“ఆమెని తీసెయ్యాలి సార్. ఊరంతటికీ అబద్ధాలు చెబుతోంది.”

“నిజాలు చెప్పేవాళ్ళెవరూ ఆ కొండెక్కడం లేదయ్యా,” అన్నాడు డాక్టరు, వాచీ చూసుకుంటూ. “సరే. ఇంకొక్క చావు నీ చెవిన పడితే పెట్టె తీసేసుకో. నేను మరొకళ్ళని వేస్తాను.”

టైటస్ ఆ మాట తెరిసమ్మకి చెప్పాడు. ఆమె పెట్టె మూత మీద చెయ్యి వేసింది. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఆమె బతుకంతా ఆ పెట్టే. గూడెంలో ఆమె కనిపిస్తే జనం లేచి చాప వేస్తారంటే ఆ పెట్టె వల్లే. “సరే బావూ,” అంది. “ఇంక ఎవుల్నీ సంపను.”

అన్నమాట నిలబెట్టుకుంది. దాంతో ఊరికి తిక్క పట్టింది. ఆమె రావడం, మాత్ర ఇవ్వడం, ‘మింగండి’ అని వెళ్ళిపోవడం. బుధు రెండిళ్ళ దాకా వెంటపడి, “తెరిసమ్మా, నాకు మోకాలు నొప్పెడతన్నాది” అని ఆశగా చూశాడు. “కాపడం ఎట్టుకో” అనేసింది. మోకాలు నొప్పితో ఒక్కడూ పోలేదా అని బుధు నొచ్చుకున్నాడు. “దాని ఒంట్లో బాగోలేదర్రా,” అని ఊరంతా చెప్పుకుంది. కోళ్ళకి మళ్ళీ మాత్రలు దొరకడం మొదలైంది.

అప్పుడే కనక సంగతి వచ్చింది. కనక సోములమ్మ కోడలు, నిండు చూలాలు. పాలిపోయిన మొహం, వాచిన పాదాలు, పైగా జ్వరం. కిందికి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆ పిల్ల ఇంటి నడిమి స్తంభం నిట్రాటని రెండు చేతులా కావలించుకుని వదలనంది. దాని అక్క కాన్పుకని కిందికి వెళ్ళి, తిరిగి రాలేదు.

టైటస్ తన పద్ధతిలో నిజం చెప్పాడు. “చూడమ్మా, నీ ఒంట్లో రక్తం లేదు. వెళ్ళకపోతే నీకూ ప్రమాదం, బిడ్డకీ ప్రమాదం.”

కనక నిట్రాటని ఇంకా గట్టిగా పట్టుకుంది.

తెరిసమ్మ పక్కన చతికిలబడింది. “మా పాసిపెంట మేనకోడలు అచ్చం ఇలాగే ఉండీదే గుంటా,” అంది మెల్లిగా.

టైటస్ చెవులు రిక్కించాడు. పెట్టె ఎక్కడుందో ఒకసారి చూసుకున్నాడు కూడా.

“ఇవే కాల్లు, ఇదే జొరం. కిందికెల్లి నాలుగు రోజులుండి, గుంటడ్ని సంకనేసుకుని వొచ్చీసినాది. ఇప్పుడు రోజూ అత్తతో తగువు.”

“తగువెందుకు?” అంది కనక, కళ్ళు తుడుచుకోకుండానే.

“సింతపండు దాసీసినాదని.”

“ఎవులు దాసినారు?”

“ఇద్దరూను. ఒకల్ది ఇంకొకల్లకి కనపడతాదని ఇద్దరికీ బయిమే.”

కనకకి నవ్వొచ్చింది. నవ్వినప్పుడు చేతులు కాస్త వదులయ్యాయి. ఈలోగా వాకిట్లో చిత్రం జరిగింది. ఎవరూ చెప్పకుండానే బుధు కత్తి పట్టుకుని వెదుళ్ళ వైపు పరిగెత్తాడు. సోములమ్మ దుప్పటి తెచ్చింది. కనక చింతపండు కథ పూర్తిగా వినేసరికి గుమ్మంలో డోలీ కట్టేసి ఉంది. రోడ్డు దాకా మోసుకెళ్ళారు, అక్కణ్ణుంచి జీపు. కొన్నాళ్ళకి కనక ఆడపిల్లతో తిరిగొచ్చింది.

టైటస్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. తన మాట విని తెరిసమ్మ మారిపోయింది, మనుషుల్ని బతికించడం నేర్చుకుంది. జిల్లా మీటింగులో లేచి, సమోసాలు తింటున్న పెద్దలందరికీ ‘కార్యకర్తల్లో మార్పు తేవడం ఎలా’ అని చెప్పాడు. చప్పట్లు కూడా కొట్టారు, సమోసా లేని చేత్తో వీలైనంత వరకు.

వానలు పడ్డాయి. టైటస్‌కి జ్వరం వచ్చింది. దోమతెర గురించి కొండంతా చెప్పిన మనిషి, ఉక్కపోస్తుందని తను మాత్రం కట్టుకోలేదు. తన రక్తపు పలక తనే తీసి, తన ఆసుపత్రికే పంపుకున్నాడు. అక్కడి ఫలితం వచ్చేలోగా జ్వరమైనా పోతుంది, మనిషైనా పోతాడు. ఆ విషయం ఆయనకే బాగా తెలుసు. అయినా పద్ధతి పద్ధతే. ఒట్టి తలనొప్పి బిళ్ళలు మింగుతూ కోనవలస ఎక్కాడు.

ఎక్కి, సోములమ్మ అరుగు మీద చార్టు విప్పి, ఎదురుగా ఉన్న మేకలకి దోమల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మేకలు అడ్డుచెప్పలేదు. బుధు వచ్చి పలకరిస్తే “నమస్తే డాక్టరు గారూ, ఈరోజు మంగళవారమా?” అన్నాడు.

తెరిసమ్మ వచ్చింది. కళ్ళ రెప్పలు పైకెత్తి చూసింది. ఒళ్ళు పట్టుకు చూసింది. కాసిని నీళ్ళు తాగించి, తడిగుడ్డ నుదుటి మీద వేస్తే ఆయనకి కొంచెం తెలివొచ్చింది.

“ఏం లేదు తెరిసమ్మా. కొంచెం నలతగా ఉంది.”

“ఏటీ లేదు బావూ,” అంది ఆమె, ఎంతో నెమ్మదిగా. “మా లంబసింగి మరిదికి అచ్చం ఇలాగే వొచ్చినాది. నాలుగు రోజుల్లో లేసి కూకున్నాడు. ఇప్పుడు ఎడ్లు కట్టి దున్నుతన్నాడు.”

టైటస్ మురిసిపోయాడు. “చూశావా, ఎంత మంచి మాట చెప్పావో. ఇలా చెప్పాలి.” అని అటు తిరిగేసరికి బుధు కత్తి పట్టుకుని వెదుళ్ళ వైపు పరిగెడుతూ కనిపించాడు. సోములమ్మ దుప్పటి దులుపుతోంది. ముత్యాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఏమిటిది? ఆయన ఎక్కడికి వెళ్తున్నాడు?”

“డోలీ కట్టడానికి బావూ,” అంది సోములమ్మ.

“నాకెందుకు? వాళ్ళ మరిది దున్నుతున్నాడంటగా.”

సోములమ్మ ఇటూ అటూ చూసి, తెరిసమ్మ నీళ్ళకి లోపలికెళ్ళాక గొంతు తగ్గించింది. “అది ఎవుల్నైనా సంపినాదంటే మనకేటీ బయిం లేదు బావూ. మాత్ర మింగితే సరిపోతాది. ఎవుల్నైనా బతికించినాదంటేనే... మేం బేగి వెదురు కొట్టీత్తాం.”

టైటస్‌కి నూటనాలుగు జ్వరంలో చలి చెమటలు పోశాయి. కనక గుర్తొచ్చింది, చింతపండు గుర్తొచ్చింది, సమోసాల మీటింగు గుర్తొచ్చింది.

డోలీ కొండ దిగుతోంది. తెరిసమ్మ పక్కనే నడుస్తోంది.

“తెరిసమ్మా, ఒక్కణ్ణి చంపు.”

“అలాగనకండి బావూ. మీరే గదా వొద్దన్నారు.”

“నేనే చెబుతున్నాను. ఆర్డరు. ఎవరో ఒకడు, దూరపు చుట్టమైనా సరే.”

“మా చుట్టాలందరూ బాగున్నారు బావూ. ఒక్కడికీ ఏటీ కాలేదు.” అని దారి పొడవునా ఒక్కొక్కళ్ళనే లేపడం మొదలుపెట్టింది. పాడె దిగి బావ లేచాడు. అత్త కొడుకు లేచి పిల్లల్ని ఎత్తుకున్నాడు. మూడో ఆవిడ పిల్లలు కూడా వరసగా లేచారు. ఒక్కొక్కరు లేచినకొద్దీ టైటస్ గుండె కిందికి జారింది. పెదబయలు చిన్నాన్న ఎక్కిళ్ళు తగ్గి అన్నానికి కూర్చునేసరికి ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థనలోకి దిగాడు.

అయితే వాలు దగ్గర డోలీ ఊగినప్పుడు ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఆయన చెయ్యి కన్నా ఎక్కువ వణుకుతోంది. నోరు మాత్రం ఆగకుండా బతికిస్తూనే ఉంది. అప్పుడు తెలిసింది టైటస్‌కి. భయం లేనివాళ్ళకి ఈవిడ భయం తెచ్చిపెడుతుంది. భయపడేవాళ్ళ భయం మాత్రం ఎవరికీ చెప్పకుండా తనే మోస్తుంది. ఇన్నాళ్ళూ అందరికీ నిజాలు పంచిన తను ఎవరి భయం మోశాడో ఎంత వెతుక్కున్నా ఆయనకి దొరకలేదు. సిగ్గేసింది, దాంతోపాటు ఏడుపూ వచ్చింది. రెండూ జ్వరం ఖాతాలో వేసేసుకున్నాడు.

పెద్దాసుపత్రిలో సూది మందులు, సీసాల మీద సీసాలు ఎక్కించారు. తెలివి వస్తోంది, పోతోంది. వచ్చినప్పుడల్లా తెరిసమ్మ మంచం పక్కనే ఉండేది, ఎవరో ఒకరు ఎక్కడో హాయిగా దున్నుకుంటూనే ఉండేవారు. ఆయన కళ్ళు మూసుకునేవాడు. తర్వాత ఆమె రెండు రోజులు కనపడలేదు. కొండ మీద మాత్రలు ఎవరిస్తారని వెళ్ళింది.

మళ్ళీ వచ్చేసరికి ఆయన దిండుకి ఆనుకుని కూర్చుని గంజి తాగుతున్నాడు. పక్కన నర్సు జాయ్స్ మాత్రలు పట్టుకుని నిలబడి ఉంది.

“సార్ మాత్ర మింగనంటున్నారమ్మా. జ్వరం తగ్గింది, చేదు అంటున్నారు,” అంది నర్సు.

తెరిసమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఆ తర్వాత స్టూలు దగ్గరికి లాక్కుని, కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుంది.

“మా పాడేరు మావ కూడా ఇలాగే అన్నాడు.”

టైటస్ చేతిలో గంజి గ్లాసు ఆగింది. మొహం విప్పారింది. “పోయాడా?” అన్నాడు ఆత్రంగా.

“పోనాడు బావూ.”

“నిజంగా పోయాడా?”

“గంజి గలాసు సేతిలో ఉండగానే.”

టైటస్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “పోయాడట సిస్టర్,” అన్నాడు నవ్వుతూ, “వాళ్ళ మామ పోయాడట.” జ్వరం ఇంకా దిగినట్టు లేదని నర్సు థర్మామీటరు కోసం వెళ్ళింది. ఆయన మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, మంచం అంచుకి జరిగి కూర్చున్నాడు.

“మొదటి నుంచి చెప్పు తెరిసమ్మా,” అన్నాడు. “తొందరేం లేదు.”